అత్తమ్మ దాచుకున్న గుర్తు

మా అత్తమ్మ పోయిందన్న కబురు ఒక సోమవారం పొద్దున మా గడప దగ్గరికి వచ్చింది. చెప్పింది మిషన్ దవాఖాన పెద్ద నర్సమ్మ. అత్తమ్మ కెనడాలో ఎక్కిన విమానం ఆదివారం నాడు సముద్రం మీద పేలిపోయిందట. లోపల ఎవరో బాంబు పెట్టారట. ఒక్కరు కూడా మిగల్లేదట. హైదరాబాదు నుంచి దవాఖానకు ఫోను వచ్చిందని చెప్పింది. లోపలికి రాకుండా అక్కడే నిలబడింది. నేను పొయ్యి మీది పాలు దించి, "కూసోండ్రి సిస్టరమ్మా, చాయ పెడుత" అన్నాను. ఆమె నా ముఖం చూసి అదే మాట మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నేను చక్కెర ఎంత వెయ్యాలని అడిగాను.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఎవరో పోయి చెబితే నూనె చేతులతోనే ఇంటికి వచ్చారు. వాకిట్లో బకెట్ ముందు కూర్చుని చేతులు కడుక్కున్నారు. నూనె పోయాక కూడా కడుక్కుంటూనే ఉన్నారు. నీళ్ళు నల్లబడితే పారబోసి, వేరే నీళ్ళు తెచ్చి పెట్టాను. ఆ పొద్దు మా ఇద్దరికీ దొరికిన పని అదొక్కటే.

సముద్రం నేను చూడలేదు. మా పుట్టిల్లు మంథని. వానాకాలం వస్తే గోదావరికి అవతలి ఒడ్డు కనపడదు. సముద్రమంటే అలాంటిదే, ఇంకొంచెం పెద్దది అనుకున్నాను. "పడవలోళ్ళు ఉంటరు గద, ఎతికితే దొరుకుతది" అన్నాను. ఆయన బకెట్లో మళ్ళీ చేతులు ముంచారు.

బాంబు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని తర్వాత పేపర్లో చాలా రాశారు. ఆయన చదివి వినిపించేవారు. ఎక్కడి పగో, ఎవరి మీది కోపమో. మా అత్తమ్మకు ఆ ఊర్లు తెలియవు, ఆ పేర్లు తెలియవు. విన్నప్పుడు నాకు కోపం కూడా రాలేదు. వేరే ఇంటి సంగతి ఎవరో చెబుతున్నట్టు ఉండేది.

మన సంఘం పత్రికకు ఆమె గురించి రాసిమ్మని పాస్టరయ్య ఆయనను అడిగారు. మా ఆయన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే రాయి. నాకంటె నీకే ఎక్కువ తెలుసు" అన్నారు. నేను చదివింది ఐదు వరకే. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆమె సంగతి ఊరందరికీ సగమే తెలిసింది. మిగతా సగం నా దగ్గర ఉంది.

ఆమెను మా ఊళ్ళో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ ఆయమ్మే. పెళ్ళైన మూడో ఏడు భర్త కలరాతో పోతే, కొడుకును చంకనేసుకుని వచ్చి మిషన్ దవాఖాన గేటు ముందు కూర్చుందట. అప్పటి తెల్ల దొరసాని డాక్టరమ్మ "పని చేస్తావా?" అని అడిగితే, "ఏ పనైనా చేస్త" అన్నదట. మొదట నేల తుడిచింది. తర్వాత గుడ్డలు ఉడకబెట్టింది. ఆ తర్వాత కాన్పు మంచం పక్కన నిలబడింది. ఖానాపూర్ దిక్కు ఊర్లలో ఈనాడు బస్సులు నడిపేవాళ్ళను, బళ్ళో పాఠం చెప్పేవాళ్ళను ఎందరినో మొదట ఎత్తుకున్నది ఆమె చేతులే.

ఆ చేతుల గురించి ఒక మాట చెప్పాలి. ఆమె చాయ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, తాగకుండా చాలాసేపు అలాగే కూర్చునేది. చాయ చల్లారిపోయేది. ఎండాకాలంలో కూడా అంతే. "తాగరాదు అత్తమ్మా" అంటే, "చేతులు తాగుతున్నయి తియ్యి" అనేది. చల్లటి చేతులతో పసిబిడ్డను ముట్టుకోకూడదని వార్డులో పట్టిన అలవాటు అది. ఇంట్లో పసిబిడ్డ లేనప్పుడు కూడా పోలేదు.

ఇంకొకటి, ఆమె చీర కట్టు. మా వైపు పెద్దవాళ్ళు కట్టినట్టు కాకుండా బాగా పైకి, కడుపు కొంచెం కూడా కనపడకుండా కట్టేది. రవిక నడుము దాకా కుట్టించుకునేది. "గింత పొడుగు రవికె ఎందుకు ఆయమ్మా, గుడ్డ దండగ" అని దర్జీ అంటే, "గుడ్డ నీ అత్తగారిదా? కుట్టు" అనేది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు "ఆయమ్మ దొరసానితోని ఉండి ఉండి తాను సుత దొరసానైంది" అని నవ్వేవారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో నా గొంతు ఎవరికీ వినపడేది కాదు. చర్చి గుడిలో పాట పాడేటప్పుడు కూడా పెదవులే కదిలేవి. "మా కోడలు పాట దేవునికే ఇనబడుతది. మనకు అంత భాగ్యం లేదు" అని అత్తమ్మ పక్కింటి వాళ్ళతో చెప్పేది. కానీ మాట్లాడమని ఎన్నడూ బలవంతం చేయలేదు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వార్డు కబుర్లన్నీ తానే చెప్పేది. ఎవరికి ఆడపిల్ల పుట్టింది, ఎవరి మొగుడు గేటు దగ్గర ఏడ్చాడు, ఎవరి అత్త మంత్రసానిని వెంట తెచ్చుకుని దవాఖానలోనే కొట్లాట పెట్టింది. చివరికి తరచుగా ఒక మాట అనేది. "ఏడ్చే పిల్లతోని ఫికర్ లేదు. ఏడ్వని పిల్ల దగ్గరికే ఉరకాలె." ఆ మాట అంటూ ఒక్కోసారి నా వైపు చూసేది.

ఆమెకు కోపం వచ్చేది ఒక్క విషయానికే. మా వైపు ఊర్లలో పసిపిల్లలకు డొక్కలెగరేసినా, కడుపు ఉబ్బినా, ఏడుపు ఆగకపోయినా చురకలు పెడతారు. కొడవలి మొననో, ఇనుప చువ్వనో ఎర్రగా కాల్చి పొట్ట మీద అంటిస్తారు. ఆ వేడికి లోపలి జబ్బు పారిపోతుందని నమ్మకం. అలా కాలిన పొట్టతో ఏ బిడ్డయినా వస్తే ఆమె గొంతు గేటు బయటి దాకా వినపడేది.

"ఎవలు పెట్టిండ్రే గిది? నీ అత్తనా? ఏది, పిలువు గామెను! పసిపిల్ల అనుకున్నదా, పొయ్యిల కట్టె అనుకున్నదా?"

ఆ అత్త మూలన నిలబడి, "మా కాలంల అందరికి పెట్టిండ్రు ఆయమ్మా" అని గొణిగేది.

"మీ కాలంల ఎందరు పుట్టిండ్రు, ఎందరు మిగిలిండ్రు? గది చెప్పు ముందు."

డాక్టరమ్మకు కూడా కోపం వచ్చేది. "వీళ్ళు తల్లులేనా ఆయమ్మా, వీళ్ళకు గుండె ఉందా?" అని అడిగేదట. అప్పుడు మాత్రం అత్తమ్మ తలవంచుకుని కాలిన చోట మందు రాసేదట. ఇది నాకు నర్సమ్మ చెప్పింది.

నా బిడ్డకు నాలుగో నెల నడుస్తున్నప్పుడు జలుబు చేసి డొక్కలెగరేయడం మొదలైంది. నన్ను కన్న మా అవ్వ అప్పుడు మంథని నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. దవాఖాన మందు పోసినా ఆ పూటకు తగ్గలేదు. అత్తమ్మ డ్యూటీలో ఉంది. మా అవ్వ కొడవలి తెచ్చి మొనను పొయ్యిలో పెట్టింది. "ఒక్క సురుకు పెడితె రేపటికి ఆడుకుంటది. నువ్వు గట్టిగ పట్టుకో" అన్నది. నేను బిడ్డను ఎదకు అదుముకుని గోడకు ఆనుకున్నాను. అమ్మ మాట కాదనడం నాకు చేతకాదు, బిడ్డను ఇవ్వడానికీ చేతులు రాలేదు.

అంతలోనే అత్తమ్మ వచ్చింది. పొయ్యి వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. కొంగుతో కొడవలి పిడి పట్టుకుని తీసి నీళ్ళ బకెట్లో ముంచింది. చుయ్ మన్నది.

"వదినె, నీ దవాఖాన సదువు మాకు చెప్పకు. మా తాతల కాన్నుంచి పెట్టుకుంటనే ఉన్నం" అన్నది మా అవ్వ.

"సరే వదినె. నువ్వు జర బిడ్డ గుడ్డలు మూట గట్టు. దవాఖానల పండవెడుదాం. నీ మనుమరాలికి ఏమన్నైతె నన్ను అడుగు" అని చెప్పి, నన్ను చెయ్యి పట్టుకుని లోపలి అర్రలోకి తీసుకుపోయి తలుపు వేసింది.

నా ముందు నిలబడి చీర కుచ్చిళ్ళు కొంచెం కిందికి జార్చి, రవిక పైకి ఎత్తింది. బొడ్డుకు ఎడమ పక్కన మూడు గీతలు ఉన్నాయి. కోడి కాలు నేల మీద అద్దినట్టు, మూడూ ఒక దగ్గర మొదలై విడిపోయాయి. ఆ చోట చర్మం మెరుస్తూ, ముడుచుకుని ఉంది.

"నాకు ఏడేండ్లప్పుడు పెట్టిండ్రు. జరమొచ్చి తగ్గలేదని. నాకు పెట్టినంక అదే కొడవలి మల్ల కాలవెట్టి మా తమ్మునికి పెట్టిండ్రు. పాలు తాగేటోడు. వానికి సుత జరమే. రెండు దినాలు ఏడ్చిండు. మూడోనాడు ఏడ్వలే."

నేను ఆ గీతలనే చూస్తున్నాను. ఆమె చీర సర్దుకుంది.

"మా అవ్వ చెడ్డది కాదు. మేమంటె పానం ఇడిచేది. గందుకే పెట్టింది. నీ అవ్వ సుత గంతే. గామెను ఏమనకు."

తలుపు దాకా పోయి మళ్ళీ వెనక్కి తిరిగింది. "గిది ఎవలకు చెప్పకు. నీ మొగనికి సుత తెల్వది. డాక్టరమ్మకు అసలే చెప్పద్దు."

"ఎందుకత్తమ్మా?"

"ఊరోళ్ళకు తెలిస్తె ఏమంటరు? 'నీకు పెట్టిండ్రు, నువ్వు బతికినవ్ గద ఆయమ్మా' అంటరు. ఇగ నా మాట ఇనేదెవలు? డాక్టరమ్మకు తెలిస్తె మా అవ్వను ఏమన్న అనుకుంటది. మా అవ్వను అనుకుంటె నేనే అనుకోవాలె, ఇంకొకలు అనద్దు."

చెప్పనని మాట ఇచ్చాను. బిడ్డ దవాఖానలో కోలుకుంది. మా అవ్వ మంథని పోయేటప్పుడు అత్తమ్మ ఆమెకు కొత్త చీర పెట్టి బస్సెక్కించింది. ఆ తర్వాత తలంటుకునే రోజు వీపు రుద్దడానికి నన్నే పిలిచేది. అంతకు ముందు ఎవరినీ పిలిచేది కాదు.

డాక్టరమ్మ పని విరమించి తన దేశం కెనడా పోయింది. అక్కడి గుడివాళ్ళు డబ్బు పోగుచేసి, అత్తమ్మను చూడాలని, రెండు నెలలు ఉండి పొమ్మని టికెట్ పంపారు. ఊరంతా నవ్వులాటే. గుడిలో ఆడవాళ్ళు "ఆయమ్మా, గాడ మొగపిల్లలు తెల్లగ పుడుతరట, ఒకన్ని సంచిల ఏసుకరా" అనేవారు. "ఉన్నోళ్ళను కడుగలేకనే సస్తున్న" అనేది ఆమె. ఊరగాయ డబ్బా, మక్క పేలాలు, డాక్టరమ్మకు ఇష్టమని ఎండుమిరపకాయలు కట్టుకుంది. ప్రయాణం నాడు ఆయనతో అన్నది, "నీ బస్సు ఆగితె నలుగురు దిగి తోస్తరు. గా విమానం నడుమల ఆగితె ఎవలు దిగాలెరా?"

"అవ్వా, గది ఆగది. గాడ నాలెక్క మెకానిక్లు ఉండరు" అన్నారు ఆయన.

"అయితె మంచిగనే పోతది తియ్యి" అన్నది. అందరం నవ్వాం. ఇప్పుడు ఆ నవ్వు గుర్తు చేసుకుంటే నాకు ఏమీ అనిపించడం లేదు. నవ్వామని మాత్రం గుర్తుంది.

కబురు వచ్చిన తర్వాత కొన్నాళ్ళు ఇంటికి మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. వచ్చినవాళ్ళు ఏడ్చేవారు. నాకు ఏడుపు రాలేదు. "పిల్లకు దిమ్మ పట్టింది, ఏడ్పియ్యుండ్రి" అని ఒక ముసలమ్మ నా భుజం గిల్లింది. గిల్లిన చోట ఎర్రబడింది, అంతే. పొద్దున లేచి అత్తమ్మ మంచం దులిపేదాన్ని. ఆమె ఊళ్ళో లేని రెండు నెలలూ అలాగే దులిపాను. ఇప్పుడు మానాలా వద్దా ఎవరూ చెప్పలేదు.

సముద్రంలో దొరికినవాళ్ళను ఒడ్డున ఏదో పట్నంలో దవాఖానలో ఉంచారని, దొరకనివాళ్ళే ఎక్కువని పేపర్లో వచ్చింది. డాక్టరమ్మ ఆ పట్నం పోయింది. అక్కడి నుంచి ఫోను చేస్తుందని చెబితే ఒక మధ్యాహ్నం దవాఖాన ఆఫీసుకు పోయాం. ఆయన, పాస్టరయ్య, నర్సమ్మ లోపల ఉన్నారు. నేను బిడ్డను ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. వరండా నిండా మనుషులు. బయట ఆరుద్ర చినుకులు పడుతున్నాయి. లైను సరిగ్గా లేదు. ఆయన ఫోను చెవికి అదిమి పట్టుకుని అరిచి చెబుతున్నారు. డాక్టరమ్మ గొంతు కూడా మాకు సన్నగా వినపడుతోంది. ఆమెకు మన మాట మనలాగే వస్తుంది, కొంచెం సాగుతుంది, అంతే.

"పొట్టిగ ఉంటది అమ్మా. చామనచాయ. జుట్టు సగం నెరిసింది."

"చాలామంది అట్లనే ఉన్నరు బిడ్డా. ముఖం సంగతి అడగకు. నేను ఇన్నేండ్లు కలిసి పనిచేసిన, కానీ ఇక్కడ ఈమె, ఈమె కాదు అని నిలబడి చెప్పలేకపోతున్న. ఒంటి మీద ఏమన్న గుర్తు ఉందా? కోసింది, కాలింది?"

"లేదమ్మా. మా అవ్వకు గసొంటియి ఏం లేవు."

"ఏదీ లేకపోతే వీళ్ళు ఇయ్యరు. ఎవరో గుర్తు తెలియనివాళ్ళను ఇక్కడనే మట్టి చేస్తరు. బాగా ఆలోచించి చెప్పు."

"లేవమ్మా" అని ఆయన మళ్ళీ అరిచారు.

నేను ఏమి ఆలోచించానని అడిగితే పెద్దగా చెప్పలేను. చెప్పకపోతే ఆమె ఎవరికీ ఏమీ కాని మనిషిలాగా ఆ ఒడ్డున ఉండిపోతుంది. చెబితే ఆమె జీవితమంతా కప్పుకున్నది పోతుంది. రెండూ ఒకేసారి తెలిశాయి. కాళ్ళు నడిచాయి. బిడ్డను నర్సమ్మకు ఇచ్చి, అందరి ముందు ఆయన అంగీ పట్టుకుని లాగాను.

"నాకియ్యుండ్రి."

"ఏంది?"

"ఫోను. నాకియ్యుండ్రి."

ఫోను పట్టుకోవడం నాకు అదే మొదటిసారి. అది ఆయన చెవి వేడితో వెచ్చగా ఉంది. "అమ్మా, నేను ఆయమ్మ కోడలిని. ఆమెకు గుర్తున్నది" అన్నాను.

"వినబడుతలేదు. గట్టిగా చెప్పు!"

"గుర్తున్నది!"

"ఎక్కడ? ఇంకా గట్టిగా!"

నేను అరిచాను. నా గొంతు అంత ఉందని నాకే తెలియదు. "కడుపు మీద! బొడ్డుకు ఎడమ పక్క! సురుకలు! మూడు, కోడికాలు లెక్క! చిన్నప్పుడు సురుకలు పెట్టిండ్రు!"

వరండాలోవాళ్ళంతా తలుపు వైపు తిరిగారు. ఫోనులో గరగరే వినపడింది. ఆయన నా వైపు చూస్తున్నారు. నేను గోడ వైపు తిరిగాను. లైను పోయిందేమో అనుకున్నాను. అప్పుడు డాక్టరమ్మ అన్నది, "నేను ఆ తల్లులను తిట్టినప్పుడల్లా ఆమె నా పక్కనే ఉండె. నాకెందుకు చెప్పలే?"

"మీరు వాళ్ళవ్వను ఏమన్న అనుకుంటరని, అమ్మా. అనుకోకుండ్రి."

"అనుకోను బిడ్డా."

"ఆమెకొక తమ్ముడు ఉండె అమ్మా, వానికి సుత..." అని మొదలుపెట్టాను. లైను తెగిపోయింది.

ఇంటికి పోయేటప్పుడు దారిలో ఆయన ఒకే మాట అడిగారు. "నిజంగనే ఉండెనా గా గుర్తు?"

"ఉండె."

"నా తల్లి. నాకు తెల్వకపాయె" అన్నారు.

దొరికిందని కొన్నాళ్ళకు కబురు వచ్చింది. ఆ గుర్తుతోనే దొరికింది. తర్వాత ఒక మధ్యాహ్నం హైదరాబాదు నుంచి లారీలో పెట్టె వచ్చింది. పొడుగు పెట్టె, లోపల రేకు ఉందని చెప్పారు. తెరవకూడదని గట్టిగా చెప్పి పోయారు. అప్పటికే ఆడవాళ్ళు నీళ్ళు కాచి పెట్టారు. "నీళ్ళు పోయకుండ ఎట్ల పంపుతం పాస్టరయ్యా? పుట్టినోళ్ళందరికి మొదటి నీళ్ళు పోసిన మనిషికి ఆఖరి నీళ్ళు లేవా?" అని ఒకామె అడిగింది. మా ఆయన పెట్టె దగ్గరికి పోయి, మూత చుట్టూ ఉన్న స్క్రూల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమారు. అవి విప్పడం ఆయనకు ఎంతసేపు. చెయ్యి తీసేసి జేబులో పెట్టుకున్నారు. కాచిన నీళ్ళు సాయంత్రానికి చల్లారిపోయాయి. పెట్టె మీద రోడ్డు దుమ్ము ఉంటే నేను తడిగుడ్డతో తుడిచాను. సమాధుల తోటలో మట్టి తడిగా ఉండి పారకు అంటుకుంది. పాట పాడారు. నేనూ పాడాను, బయటికి వినపడేట్టే పాడాను. ఎందుకో తెలియదు.

ఆమె భయపడిందే జరిగింది. ఫోనులో నేను అరిచిన మాట వారం తిరగకుండా ఊర్లకు ఊర్లు పాకింది. బోరింగు దగ్గర ఎవరూ నా ముందు ఏమీ అనరు, కానీ నేను పోగానే మాట మారుతుంది. పొడుగు రవికె సంగతి ఇప్పుడు అందరికీ అర్థమైంది. ఎవరూ నవ్వడం లేదు.

పోయిన వారం ఒక ముసలమ్మ, కోడలు, పసిపిల్లవాడు దవాఖానకు వచ్చారు. ఖానాపూర్ అవతలి పల్లె. మా ఇల్లు గేటు పక్కనే, బస్సు కూడా అక్కడే ఆగుతుంది. మందు తీసుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుని నీళ్ళు అడిగారు. పిల్లవాడికి డొక్కలు ఎగురుతున్నాయి. దవాఖానలో ఉండమన్నారట, ముసలమ్మ ఒప్పుకోలేదు. మందు పోసి, తగ్గకుంటే మళ్ళీ తీసుకురమ్మన్నారట.

"మందులు గిందులు ఏం జేస్తయి. ఇంటికి పోంగనే ఒక్క సురుకు పెడితె అయిపాయె" అంటోంది ముసలమ్మ.

"వద్దన్నరు గదత్తా. ఆయమ్మ వద్దంటుండె గద" అంది కోడలు మెల్లగా. ఆ పిల్ల కాన్పు కూడా మా అత్తమ్మ చేతుల మీదనే అయిందట.

ముసలమ్మ నవ్వింది. "ఆయమ్మకే పెట్టిండ్రట గదనే! గా డాక్టరమ్మకు ఫోన్ల చెప్పిండ్రట, ఊరంత ఇన్నది. పెడితె సచ్చిందా? బతికి, కొడుకును కని, విమానమెక్కి పోలే? గా బాంబు పెట్టకుంటె ఇంకిన్నేండ్లు బతుకుతుండె."

నేను నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె నన్నెవరో ఎరుగదు. చెంబు ఇచ్చి లోపలికి పోవచ్చు. అంతకు ముందైతే పోయేదాన్నే.

"పెట్టినందుకు బతకలే పెద్దమ్మా. పెట్టినా బతికింది" అన్నాను. "నేను ఆమె కోడలిని. ఆమెకు పెట్టిన కొడవలితోనే అదే దినం ఆమె తమ్మునికి సుత పెట్టిండ్రు. వాడు బతకలే. గా మాట ఫోన్ల చెప్పకముందే లైను తెగింది. గందుకే ఊరికి తెల్వలే."

ముసలమ్మ చెంబులోకి చూసింది. "వాని రాత గట్లున్నది" అని నీళ్ళు తాగింది.

కోడలు నా వైపు తిరిగింది. "ఎంతటోడు గా పిల్లగాడు?"

"పాలు తాగేటోడు. నీ కొడుకంత."

"ఏమైంది?"

"రెండు దినాలు ఏడ్చిండట. మూడోనాడు ఏడ్వలే."

దవాఖానకు మళ్ళీ పోదామా అన్నాను, నేనూ వస్తానన్నాను. ఆ పిల్ల తన అత్త ముఖం వైపు చూసింది. అప్పటికే బస్సు వచ్చింది. ముసలమ్మ చెంబు అరుగు మీద పెట్టి, ముందు తానే ఎక్కి, లోపలి నుంచి "రా పిల్లా, సీటు పోతది" అని పిలిచింది. నా చేతిలో ఆపడానికి ఏమీ లేదు. ఇంటికి పోయాక ఏం జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలకముందు పిల్లవాడి అంగీ కింద నుంచి అరచెయ్యి లోపలికి పెట్టి, పొట్ట మీద పరిచింది. ముసలమ్మ పక్క నుంచి ఏదో చెబుతూనే ఉంది. ఆమె అటు తిరగలేదు. బస్సు కదిలింది, గుంతలో పడి లేచింది, అందరి తలలూ ఊగాయి. ఆమె కిటికీ బయటికి చూస్తోంది. ఆ చెయ్యి మాత్రం తియ్యలేదు. అంగీ కింద అది పిల్లవాడి ఊపిరితో పాటు లేస్తూ, పడుతూ, మలుపు దాకా కనిపించింది.